గెలిచినోళ్ళ పెళ్ళిళ్ళు, ఓడినోళ్ళ బిడ్డలు

(ఒక మండల కేంద్రంలో రెండు రోజులు జరిగిన యువజన అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చరిత్ర మీద మాట్లాడమన్నారు. చరిత్ర అనగానే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు గుర్తుకొస్తాయి. మేం బడిలో ఇరవై ఏళ్ళుగా అవే చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చుతున్నవాళ్ళమే. మా ఇంట్లో మాకంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్ళు లేరు. మా నాయన వేలిముద్ర వేసేవాడు. అందుకే రాజుల కథ ఏది చదివినా మాకొక అలవాటు. ఈ కథలో మనలాంటోళ్ళు ఎక్కడున్నారు, వాళ్ళ బిడ్డలు ఏమైపోయారు అని వెతుక్కుంటాం. ఇవ్వాళ యుద్ధాలు పక్కన పెట్టి, యుద్ధం ముగిశాక జరిగే పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుందాం.

ఎందుకు పెళ్ళిళ్ళు? మీకందరికీ తెలుసు. మన పక్క ఊళ్ళో వాడ పిలగాడు, ఊరి పిల్ల రిజిస్టర్ పెళ్ళి చేసుకుని పట్నం వెళ్ళిపోయారు. పిలగాని తల్లిదండ్రులు ఇంటికి తాళమేసి చుట్టాలింట్లో తలదాచుకున్నారు. ఊరి పెద్దమనుషులు చావడి కాడ కూర్చుని ఒక మాటన్నారు: "రక్తం కలవడం సృష్టికే విరుద్ధం. మా వంశాల్లో తాతల కాలం నుంచి ఇట్లాంటిది లేదు." ఇది ఒక మాట. అదే రోజు వాడలో వేపచెట్టు కింద మన పిల్లలే ఇంకో మాటన్నారు: "వాళ్ళ పిల్లనే తెచ్చినం, గెలిచినం." ఇది రెండో మాట.

మొదటి మాట విని కోపమొచ్చింది. రెండో మాట విని భయమేసింది. ఈ రెండు మాటలకూ చరిత్రలో జవాబుంది. అది చెప్పడానికే వచ్చాం.

సూసాలో పెళ్ళిపందిరి

అలెగ్జాండర్ పేరు బడికి పోయిన ప్రతివాడూ విన్నదే. గ్రీసు దేశానికి ఉత్తరాన మాసిడోనియా రాజు. పారశీక సామ్రాజ్యం మీద పడి క్రీ.పూ. 331లో గాగమేలా యుద్ధంలో డేరియస్ చక్రవర్తిని ఓడించాడు. మరుసటి ఏడు పర్సెపోలిస్ రాజభవనాలు తగలబడ్డాయి. పారిపోతున్న డేరియస్‌ను అతని మనుషులే చంపారు. అక్కణ్ణుంచి అలెగ్జాండర్ మధ్య ఆసియా దాటి మన పంజాబు దాకా వచ్చి తిరుగుముఖం పట్టాడు.

తిరిగి వెళ్ళాక క్రీ.పూ. 324లో, ఇప్పటి ఇరాన్ దేశంలోని సూసా నగరంలో ఒక సామూహిక వివాహం జరిపించాడు. మన దగ్గర ఇప్పుడు నాయకులు జరిపించే సామూహిక వివాహాలు దీని ముందు ఏ మూలకు? దాదాపు ఎనభై మంది సేనాధిపతులు, అలెగ్జాండర్ ఆంతరంగికులు ఒకేసారి పెళ్ళికొడుకులయ్యారు. పెళ్ళికూతుళ్ళు ఎక్కువగా పారశీక, మీడియా దేశాల పెద్దింటి ఆడబిడ్డలు. పెళ్ళిళ్ళు పారశీక పద్ధతిలో చేశారు. వరుసగా ఆసనాలు వేశారు. పెళ్ళికొడుకులు కూర్చున్నారు. మద్యపానాలయ్యాక పెళ్ళికూతుళ్ళు లోపలికి వచ్చి ఎవరి వరుడి పక్కన వాళ్ళు కూర్చున్నారు. వరుడు చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టాడు. పెళ్ళయిపోయింది. కట్నాలన్నీ అలెగ్జాండరే ఇచ్చాడు. వేడుకలు ఐదు రోజులు సాగాయి.

అలెగ్జాండర్‌కు అప్పటికే ఒక భార్య ఉంది. బాక్ట్రియా ప్రాంతపు ప్రభువు ఆక్సియార్టెస్ కూతురు రొక్సానాను క్రీ.పూ. 327లో చేసుకున్నాడు. ఆమె తండ్రి అలెగ్జాండర్ మీద తిరగబడ్డవాడు. కొండకోట పట్టుబడింది, కూతురు చిక్కింది, పెళ్ళయింది, తండ్రి లొంగిపోయాడు. సూసాలో మరో ఇద్దరిని చేసుకున్నాడు. ఒకామె డేరియస్ కూతురు స్టటైరా. ఇంకొకామె అంతకు ముందటి చక్రవర్తి మూడో అర్టాక్సెర్క్సెస్ కూతురు పారిసాటిస్. అంటే పారశీక రాజవంశంలో రెండు కొమ్మలుంటే రెంటికీ అల్లుడయ్యాడు. రేపు సింహాసనం నాదే అని చెప్పుకోవడానికి కత్తి ఒక్కటే చాలదు, అల్లుడి హోదా కూడా కావాలి.

స్టటైరా సంగతి కొంచెం ఆగి చూద్దాం. క్రీ.పూ. 333లో ఇస్సస్ యుద్ధంలో తండ్రి ఓడి పారిపోతే తల్లి, నాయనమ్మ, చెల్లెలుతో పాటు ఆమె బందీగా చిక్కింది. తల్లి చెరలోనే చనిపోయింది. తర్వాత ఆ అక్కాచెల్లెళ్ళను సూసాలో ఉంచి గ్రీకు భాష నేర్పించారు. తొమ్మిదేళ్ళ తర్వాత పందిట్లో కూర్చోబెట్టారు. చెల్లెలు డ్రిపెటిస్‌ను అలెగ్జాండర్ ప్రాణమిత్రుడు హెఫెస్టియన్‌కిచ్చారు. ఎందుకట? మా ఇద్దరి పిల్లలు అన్నదమ్ముల బిడ్డలు కావాలని అలెగ్జాండర్ ముచ్చటపడ్డాడట. ముచ్చట పెళ్ళికొడుకుది. పెళ్ళికూతురు ముచ్చట ఏ చరిత్రకారుడూ రాయలేదు.

ఇంకొక పిల్ల అపామా. ఈమె తండ్రి స్పితామెనెస్ సోగ్డియానా దేశపు వీరుడు. ఇప్పటి ఉజ్బెకిస్తాన్ ప్రాంతం అది. అలెగ్జాండర్‌ను రెండేళ్ళు నిద్రపోనివ్వకుండా పోరాడి క్రీ.పూ. 328లో తనవాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయాడు. నాలుగేళ్ళకు అతని బిడ్డను సెల్యూకస్ అనే సేనాధిపతికి ఇచ్చి చేశారు. నాయన మీద దండెత్తిన సైన్యంలోనే మొగుడు.

ఎనభై మంది పెళ్ళికూతుళ్ళలో మనకు పేర్లు మిగిలినవాళ్ళు పది మంది కూడా లేరు. కొందరు "ఫలానా వాడి కూతురు" అని మాత్రమే నమోదయ్యారు. మిగతావాళ్ళు అదీ లేదు.

పిల్లల్ని వదిలేసి పొండి

కొందరు చరిత్రకారులు ఈ సూసా పెళ్ళిళ్ళను గొప్పగా రాశారు. జాతుల కలయిక అన్నారు, మానవ సోదరత్వం అన్నారు. మనం మూడు ప్రశ్నలు వేసి చూద్దాం. ఈ మూడు ప్రశ్నలు గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడతాయి.

మొదటి ప్రశ్న: పిల్లను అడిగారా?

రెండో ప్రశ్న: తలుపు రెండు వైపులా తెరిచి ఉందా? అంటే, మీరు మా పిల్లను చేసుకున్నట్టు మేం మీ పిల్లను చేసుకోవచ్చా?

మూడో ప్రశ్న: పుట్టిన బిడ్డకు ఇంట్లో పూర్తి వాటా ఉందా?

మొదటి దానికి జవాబు చూశాం. రెండో దానికి జవాబు ఇంకా తేలిక. సూసా పందిట్లో పెళ్ళికొడుకులందరూ మాసిడోనియా, గ్రీసు మగవాళ్ళు. పెళ్ళికూతుళ్ళందరూ ఆసియా ఆడవాళ్ళు. మాసిడోనియా పిల్లను ఒక్క పారశీక మగవాడికిచ్చి చేసినట్టు ఎక్కడా లేదు. ఎనభై పెళ్ళిళ్ళలో ఒక్కటీ లేదు. కలయిక అయితే రెండు వైపుల నుంచీ రాకపోకలుండాలి. ఒకవైపు నుంచే వస్తే దాన్ని కప్పం అంటారు.

మూడో ప్రశ్నకు జవాబు కొన్ని నెలల్లోనే వచ్చింది. సేనాధిపతులే కాదు, మామూలు సైనికులు పది వేల మందికి పైగా ఆసియా ఆడవాళ్ళతో కాపురాలు పెట్టుకుని ఉన్నారు. సూసాలో వాళ్ళ పేర్లు కూడా రాయించి కానుకలిచ్చారు. అదే ఏడు ఓపిస్ అనే చోట ముసలి సైనికులను ఇంటికి పంపేటప్పుడు అలెగ్జాండర్ ఏం చెప్పాడో ఏరియన్ అనే గ్రీకు చరిత్రకారుడు రాసి పెట్టాడు. ఆసియా భార్యలకు పుట్టిన పిల్లల్ని ఇక్కడే వదిలేసి పొండి, అక్కడున్న మీ పెళ్ళాం పిల్లలతో తగాదాలొస్తాయి, వీళ్ళను నేను మాసిడోనియా పద్ధతిలో పెంచి సిపాయిలను చేస్తాను అన్నాడు.

ఈ ముక్క చదివినప్పుడు మాకు మన గడీలు గుర్తొచ్చాయి. దొర పోలికలతో వాడలో పుట్టిన బిడ్డలు ఎంతమంది! అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ బిడ్డ గడీలో జీతగాడుగా ఉండొచ్చు, వాటాదారుగా ఉండకూడదు. జోగిని పేరుతో మన ఆడబిడ్డను దేవునికిచ్చామని చెప్పి ఊరికి ఒప్పజెప్పారు. ఆమె బిడ్డకు బడి రిజిస్టరులో తండ్రి పేరు గడి ఖాళీ. దాన్ని నిషేధించే చట్టం మన రాష్ట్రంలో 1988లో గానీ రాలేదు. రక్తం కలవడం సృష్టికే విరుద్ధం అన్న పెద్దమనుషులు ఆ రోజుల్లో ఎక్కడ కూర్చున్నారు?

సూసా కథ ముగింపు వినండి. క్రీ.పూ. 323 జూన్‌లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో చనిపోయాడు. రొక్సానా అప్పుడు నిండు గర్భిణి. పుట్టబోయే బిడ్డ రాజు కావాలా వద్దా అని సేనాధిపతుల సభలో చర్చ జరిగింది. ఓడినోళ్ళ ఆడదాని కడుపున పుట్టినవాడు మమ్మల్ని ఏలడం సిగ్గుచేటు అని వాదన లేచిందని రోమన్ చరిత్రకారుడు కర్టియస్ రాశాడు. చివరికి ఆ బిడ్డకు రాజు అని పేరు మాత్రం పెట్టారు. క్రీ.పూ. 310 ప్రాంతంలో కాసాండర్ అనే సేనాధిపతి తల్లినీ బిడ్డనూ చంపించాడు. అంతకు ముందే స్టటైరా, ఆమె చెల్లెలు హతమయ్యారు. రొక్సానాయే చంపించిందని ప్లూటార్క్ రాశాడు. చూడండి, గెలిచినవాడి ఇంట్లో ఓడినోళ్ళ బిడ్డలు ఒకరినొకరు చంపుకోవలసి వచ్చింది. సేనాధిపతుల పెళ్ళిళ్ళు చాలావరకు నిలవలేదు. క్రేటరస్ తన భార్య అమాస్ట్రిస్‌ను, అంటే డేరియస్ తమ్ముడి కూతురిని, వదిలేసి మాసిడోనియా పెద్దింటి పిల్లను చేసుకున్నాడు.

సెల్యూకస్ ఒక్కడు అపామాను వదల్లేదు. ఆమె కొడుకు అంటియోకస్ తండ్రి తర్వాత రాజయ్యాడు. ఆమె పేరు మీద అపామియా అని నగరాలు వెలిశాయి. ఎందుకు వదల్లేదంటే ప్రేమ ఉండొచ్చు, కాదనం. కానీ అతనికి దక్కిన రాజ్యం ఆమె పుట్టింటి దిక్కునే ఉంది అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఐదు వందల ఏనుగులు

ఈ సెల్యూకస్ మన దేశం కథలోకి కూడా వస్తాడు. క్రీ.పూ. 305 ప్రాంతంలో సింధునది దాటి చంద్రగుప్త మౌర్యుని మీదికి వచ్చాడు. చివరికి సంధి కుదిరింది. సెల్యూకస్ ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్ వైపు భూభాగాలు వదులుకున్నాడు. చంద్రగుప్తుడు 500 ఏనుగులిచ్చాడు. దాంతో పాటు ఒక వివాహ ఒప్పందం కూడా ఉందని స్ట్రాబో, అప్పియన్ అనే ఇద్దరు పాత రచయితలు రాశారు. ఏనుగుల లెక్క రాశారు, పిల్ల పేరు రాయలేదు. ఆ ఏనుగులు క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధంలో సెల్యూకస్‌ను గెలిపించాయని కూడా రాశారు.

ఇక్కడ మనకు కావలసింది ఒకటే. యవనుడు మ్లేచ్ఛుడు అని గ్రంథాలు రాసుకున్న దేశంలో రాజుల స్థాయిలో యవనులతో వియ్యానికి ఎవరికీ మైల అంటలేదు. బలం సమానంగా ఉన్నచోట రక్తం గొడవ రాదు.

వర్ణసంకరం ఆపిన రాజు

ఇప్పుడు మన నేలకు వద్దాం. పురాణాలు ఆంధ్రులని పిలిచిన సాతవాహనుల సంగతి. వాళ్ళలో పేరు మోసినవాడు గౌతమీపుత్ర శాతకర్ణి. అతని తల్లి గౌతమీ బాలశ్రీ మనుమడి కాలంలో నాసిక్ గుహలో ఒక శాసనం చెక్కించింది. అందులో కొడుకు ఘనకార్యాలున్నాయి. శక, యవన, పహ్లవులను సంహరించాడు. క్షహరాట వంశాన్ని పెకిలించాడు. ఇంకా ఏం చేశాడు? నాలుగు వర్ణాలు కలిసిపోకుండా ఆపాడు. వర్ణసంకరం ఆపడం ఒక రాజు గొప్పదనంగా రాతి మీదికెక్కింది.

యుద్ధం గెలిచిన మాట నిజమే. నాసిక్ దగ్గర జోగల్‌తంబి అనే ఊళ్ళో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి శక రాజు నహపానుడివి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర గుద్దించాడు. శత్రువు నాణెం పారెయ్యలేదు, దాని మీద తన ముద్ర కొట్టి వాడుకున్నాడు. వెండికి మైల లేదు కదా!

తర్వాత ఏమైంది? శకుల్లో మరో వంశం లేచింది. కార్దమక వంశం. వాళ్ళలో రుద్రదాముడు గొప్ప రాజు. బొంబాయి దగ్గర కన్హేరి గుహల్లో ఒక నీటితొట్టి పక్కన శాసనం ఉంది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి కార్దమక వంశపు ఆడబిడ్డ అనీ, మహాక్షత్రపుని కూతురనీ ఆ శాసనం చెప్తుంది. ఆ మహాక్షత్రపుడు రుద్రదాముడే అని చరిత్రకారుల లెక్క. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి ఎవరు? చాలామంది పండితుల ప్రకారం వర్ణసంకరం ఆపిన గౌతమీపుత్రుని కొడుకే. శకుల్ని సంహరించిన రాజు ఇంటికే శకుల పిల్ల కోడలుగా వచ్చింది!

ఆ శాసనంలో రాయి అరిగిపోయి రాణి పేరు మనకు దక్కలేదు. తొట్టి దానం చేసిన మంత్రి పేరు సతేరకుడు అని దక్కింది.

గుజరాత్ జునాగఢ్‌లో అశోకుని శాసనాలున్న బండ మీదే రుద్రదాముడు క్రీ.శ. 150లో తన శాసనం చెక్కించాడు. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించానని, దగ్గర చుట్టరికం వల్ల నాశనం చెయ్యకుండా వదిలేశానని అందులో చెప్పుకున్నాడు. ఆ చుట్టరికం ఆ పెళ్ళితో వచ్చిందే అంటారు. అంటే రాజ్యం నిలబడింది ఎవరి వల్ల? పేరు కూడా మిగలని ఒక ఆడపిల్ల వల్ల. అదే శాసనంలో రుద్రదాముడు రాజకన్యల స్వయంవరాల్లో ఎన్నో మాలలు పొందానని కూడా రాయించుకున్నాడు. శకుడికి పిల్లనిచ్చారు, శకుని పిల్లను తెచ్చుకున్నారు. తలుపు రెండు వైపులా తెరిచే ఉంది.

ఇంకో వంద ఏళ్ళు పోతే మన నాగార్జునకొండ. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని రాణుల్లో ఒకామె రుద్రధరభట్టారిక. ఉజ్జయిని మహారాజు కూతురు. ఉజ్జయిని అప్పుడు శక క్షత్రపుల రాజధాని. ఈ రాణి పేరు మనకు ఎలా తెలిసింది? రాజు గొప్పలు చెప్పుకున్న శాసనంలో కాదు. నాగార్జునకొండ బౌద్ధ మహాచైత్యం కాడ ఆమె తన చేత్తో ఒక స్తంభం దానం చేసి పేరు రాయించుకుంది. ఆ వంశపు ఆడవాళ్ళు చాలామంది అట్లాగే బౌద్ధ స్తంభాల మీద పేర్లు నిలుపుకున్నారు. అశ్వమేధం చేసిన రాజుల ఇంట్లో ఆడవాళ్ళకు పేరిచ్చింది బుద్ధుని స్తూపం. ఇది మరవొద్దు.

ఒకవైపే తెరిచే తలుపు

మరి గ్రంథాలు ఏమంటాయి? మనుస్మృతి పదో అధ్యాయం తీయండి. పై వర్ణం మగవాడు కింది వర్ణం ఆడదాన్ని చేసుకుంటే అనులోమం. కొంచెం తక్కువ, కానీ సర్దుకుపోవచ్చు. కింది వర్ణం మగవాడు పై వర్ణం ఆడదాన్ని చేసుకుంటే ప్రతిలోమం. అది ఘోరం. శూద్రునికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడే చండాలుడు అని రాశారు. అంటే మనుషుల్లో అందరికంటే కింద పడేసినవాణ్ణి తయారు చేసింది ఏ నేరం? హత్య కాదు, దొంగతనం కాదు. తలుపు రెండో వైపు నుంచి తెరవడం.

సూసా పందిరి మొత్తం అనులోమమే. గెలిచిన మగవాడు, ఓడిన ఆడది. అలెగ్జాండర్ మనువును చదవలేదు. చదవకుండానే అదే లెక్క వేశాడు. ఎందుకంటే ఇది ఒక దేశపు మూర్ఖత్వం కాదు, గెలిచినవాడి లెక్క. తేడా ఎక్కడంటే, అక్కడ ఆ లెక్క యుద్ధంతో వచ్చి రాజ్యంతో పోయింది. ఇక్కడ దానికి శాస్త్రం రాసి దేవుడి సంతకం పెట్టించారు.

అదే అధ్యాయంలో ఇంకో విచిత్రం. యవనులు, శకులు, పహ్లవులు ఒకప్పుడు క్షత్రియులేననీ, కర్మలు మానేసి బ్రాహ్మణులను చూడకపోవడం వల్ల దిగజారారనీ రాశారు. గుర్రమెక్కి కత్తి పట్టుకుని వచ్చినవాడికి క్షత్రియుడు అని ఒక కిటికీ తెరిచిపెట్టారు. మరి ఆంధ్రులు? 36వ శ్లోకంలో ఆంధ్రులను, మేదులను ఊరి బయట ఉండే సంకర జాతుల్లో చేర్చారు. వినండి, ఊరి బయట! ఈ రోజు మనల్ని వాడకు నెట్టి ఊళ్ళో కూర్చున్న పెద్దమనుషులు ఆంధ్ర చరిత్ర మాది అని గర్వపడతారు. మనువు లెక్కలో ఆ పేరే వాడలో ఉంది.

కాబట్టి "తాతల కాలం నుంచి కలవలేదు" అన్న మాటకు జవాబు ఇది. కలిశారు. రాజులు కలిశారు, సైనికులు కలిశారు, అందరూ కలిశారు. హైదరాబాదు సిసిఎంబి శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2013లో ఒక పరిశోధన ప్రకటించారు. 73 సమూహాల రక్తనమూనాలు చూశారు. సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశంలో జనం విస్తారంగా కలిశారని, ఆ తర్వాత కలవడం అరుదైపోయిందని తేల్చారు. 1,900 ఏళ్ళంటే ఇంచుమించు సాతవాహనుల కాలం. ఒక్క శాసనం వల్లనే ఆగిపోయిందని మేం అనడం లేదు. కానీ తలుపు ఎప్పటినుంచో మూసి లేదు, ఒక కాలంలో మనుషులే మూశారు అన్నది తేలింది. మనుషులు మూసిన దాన్ని మనుషులే తెరవొచ్చు.

ఈ సంగతి రక్త పరీక్షలు లేని రోజుల్లోనే చెప్పినవాడు మన బాబాసాహెబ్. 1916 మే 9న న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో, 25 ఏళ్ళ వయసులో, కులం మీద ఒక పత్రం చదివాడు. ఈ దేశ జనం జాతిగా కలిసిపోయినవాళ్ళే, కులాన్ని కులంగా నిలబెట్టేది లోపలి లోపలే చేసుకునే పెళ్ళి ఒక్కటే అన్నాడు. ఆ గోడ నిలబెట్టడానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పుట్టాయన్నాడు. అంటే కులం కాపలా అంతా ఆడదాని ఒంటి మీద పెట్టారు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించాడు. 1936లో లాహోర్ సభ కోసం రాసిన ప్రసంగంలో కులానికి అసలు మందు కులాంతర వివాహమే అన్నాడు, శాస్త్రాల మీద నమ్మకం పోనిదే ఆ మందు లోపలికి దిగదు అనీ అన్నాడు. ఆ సభ వాళ్ళు ఆ ప్రసంగం జరగనివ్వలేదు. ఆయనే అచ్చు వేయించాడు.

చట్టం సంగతి చూడండి. ఇంగ్లీషు దొరల కోర్టుల్లో కూడా ప్రతిలోమ పెళ్ళి చెల్లదనే తీర్పులొచ్చేవి. అనులోమాన్ని కొన్ని కోర్టులు ఒప్పుకున్నాయి. 1949లో హిందూ వివాహాల చెల్లుబాటు చట్టం వచ్చాకే ఆ తేడా పోయింది. కాగితం మీద పోయింది. 2018లో మిర్యాలగూడలో గర్భిణి భార్య కళ్ళ ముందే, ఆసుపత్రి గుమ్మంలో దళిత యువకుణ్ణి నరికించినప్పుడు మనువు శ్లోకం కత్తి పట్టుకుని వచ్చింది. ఈ దేశంలో ఇప్పటికీ నూటికి ఐదు పెళ్ళిళ్ళు మాత్రమే కులం దాటుతున్నాయని 2011–12 సర్వే లెక్క.

మన ఇంట్లో మాట

ఇప్పుడు రెండో మాటకొద్దాం. "వాళ్ళ పిల్లనే తెచ్చినం, గెలిచినం" అన్న మాట.

తమ్ముళ్ళారా, మీ కోపం మాకు తెలుసు. తరాల అవమానం ఆ మాటలో ఉంది. కానీ అది ఎవరి మాట? అలెగ్జాండర్ మాట. గడీ దొర మాట. ఆడపిల్లను జెండా చేసి ఊరేగించేవాడి మాట. ఆ పిల్ల తన ఇష్టంతో నడిచి వచ్చింది. తెచ్చినం అంటే ఆమె కాళ్ళను మనం నరికినట్టు. రేపు అదే లెక్కన వాళ్ళు మన ఆడబిడ్డ మీద పడి మేమూ గెలిచాం అంటే ఏం జవాబు చెప్తాం? పెళ్ళి యుద్ధం కాదు. ప్రతిలోమాన్ని మనం బాహాటంగా సమర్థిస్తాం. ఎందుకంటే అది మూసిన తలుపు తెరుస్తుంది. పగ తీర్చుకున్నట్టు కాదు.

ఇందాకటి మూడు ప్రశ్నలు మన ఇంటికి కూడా వేసుకుందాం. పిల్లను అడిగారా? మన వాడలో మేనరికం పేరుతో చదువుకునే పిల్లను లాక్కొచ్చి కూర్చోబెట్టినప్పుడు ఎవరడిగారు? తలుపు రెండు వైపులా తెరిచి ఉందా? మాల ఇంటికీ మాదిగ ఇంటికీ మధ్య ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయి? వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఈ రోజు ఈ హాల్లో కూర్చున్నవాళ్ళం ఒకరింట్లో ఒకరం నీళ్ళు తాగుతున్నాం, పిల్లనిచ్చే కాడికి వచ్చేసరికి మనువు మన గుమ్మంలో కూడా కూర్చుని ఉన్నాడు. డక్కలి, బుడగ జంగాల ఇంటికి వెళ్ళి సంబంధం మాట్లాడినవాళ్ళెవరు? పుట్టిన బిడ్డకు పూర్తి వాటా ఉందా? కులాంతరం చేసుకున్న పిల్లకు పుట్టిన బిడ్డను మన ముసలమ్మలే "మనోడు కాదు" అన్నప్పుడు నోరు మెదిపామా?

మేం పెద్ద మాటలు చెప్పి వెళ్ళిపోదలచుకోలేదు. చెయ్యవలసినవి నాలుగు.

ఒకటి: ఏ జంట మన దగ్గరికొచ్చినా ముందు ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టి, ఆడవాళ్ళే అడగాలి. ఆమె వయసు, ఆమె ఇష్టం తేలాకే మిగతా పని.

రెండు: 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళికి 30 రోజుల నోటీసు ఉంటుంది. ఆ 30 రోజులే ప్రాణగండం. ఆ రోజుల్లో వాళ్ళకు తల దాచుకునే చోటు, సాక్షి సంతకాలు మన సంఘం బాధ్యత.

మూడు: 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇట్లాంటి జంటలకు పోలీసు రక్షణ, జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని చెప్పింది. ఆ తీర్పు కాపీ పట్టుకుని ఎస్పీ ఆఫీసుకు పోవాలి. వాడ మీద దాడి జరిగితే 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టించాలి. ఒక్కరు కాదు, ఇరవై మంది పోవాలి.

నాలుగు: జంట వెళ్ళిపోయాక వెనక మిగిలిన తల్లిదండ్రులను ఒంటరిగా వదలకూడదు. పక్క ఊళ్ళో ఆ ఇంటికి ఇంకా తాళం ఉంది. ఆ తాళం తీసే రోజు ముసలివాళ్ళ వెంట మనం ఉండాలి. ఎల్లుండి ఆదివారం పొద్దున వెళ్తున్నాం. ఎంతమంది వస్తారో ఈ సభ అయిపోయేలోపల పేర్లు రాసివ్వండి.

ఆ పిల్ల నిన్న మాకు ఫోన్ చేసింది. తన గురించి ఏమీ అడగలేదు. "అత్తమ్మ మందులు వేసుకుంటున్నదా సార్?" అని అడిగింది. సూసాలో ఎనభై మందిని ఎవరూ ఏమీ అడగలేదు. ఈ పిల్ల తనే అడుగుతోంది. ఆమెకు జవాబు చెప్పవలసినవాళ్ళం మనం.

జై భీమ్.